అత్తయ్యకి గాల్ బ్లాడర్ వాపు, పాత టైఫాయిడ్ వల్లనా? కర్రీ పాయింట్ నడుపుతున్నాం, భయంగా ఉంది

కంచరపాలెం కోడలు:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, కంచరపాలెం. ఇంటి కింది గదిలో నేనూ మా అత్తయ్యా కర్రీ పాయింట్ నడుపుతున్నాం. పప్పు, సాంబారు, ఒక వేపుడు, రెండు కూరలు, రోటి పచ్చడి. పచ్చడి మాత్రం అత్తయ్యదే. ఆవిడ చేతి గోంగూర కోసం ఊర్వశి జంక్షన్ అవతలి నుంచి కూడా డబ్బాలు పట్టుకొస్తారు.

అత్తయ్యకి 58 ఏళ్లు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంటోంది. కొన్నాళ్లుగా భోజనం చేశాక కుడి డొక్కలో పట్టేసినట్టు నొప్పి, అది వెనక భుజం రెక్క కిందికి లాగుతుంది. గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకుంటూ వచ్చారు. తగ్గకపోతే స్కాన్ తీయించాం. గాల్ బ్లాడర్‌లో చాలా రాళ్లున్నాయి, పెద్దది 14 మిల్లీమీటర్లు, గోడ 5 మిల్లీమీటర్ల మందం ఉంది, క్రానిక్ కోలిసిస్టైటిస్, అంటే గాల్ బ్లాడర్‌కి ఎన్నాళ్లుగానో ఉన్న వాపు, అని రిపోర్టులో రాశారు. సర్జన్ గారు ల్యాప్రోస్కోపీలో తీసేద్దామన్నారు.

పాత జబ్బులేమైనా ఉన్నాయా అని ఆయన అడిగితే టైఫాయిడ్ సంగతి చెప్పాం. 2014లో హుదూద్ తుఫాను వచ్చాక మా వీధిలో కుళాయిలు సరిగా రాక, దొరికిన నీళ్లే బిందెలతో పట్టుకున్నాం. ఆ చలికాలంలోనే అత్తయ్యకి టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డారు, జుట్టంతా ఊడిపోయింది. ఆ మాట విని సర్జన్ గారు, "కొందరిలో ఆ క్రిములు గాల్ బ్లాడర్‌లోనే ఉండిపోతాయి" అన్నారు. అప్పటికే బయట జనం నిలబడి ఉన్నారు, ఇంకేం అడగలేకపోయాను.

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఈ వాపూ రాళ్లూ ఆ క్రిముల వల్లే వచ్చాయా? అలాగైతే ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తో పోదా? మా ఆడపడుచు అదే అంటోంది. అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఏమిటంటే, ఆవిడ చేతి వంట రోజూ అంతమంది తింటున్నారు. మా పిల్లలూ తింటున్నారు. ఆవిడతో ఈ మాట ఎలా అనాలో కూడా తెలియడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక నుంచి:

చెల్లెమ్మా, ఒక్కటి చెప్తాను. మా ఆవిడకి ఇలాగే నొప్పి వచ్చినప్పుడల్లా ఐదు రోజుల యాంటీబయాటిక్ కోర్సు వాడించేవారు. తగ్గేది, మళ్లీ వచ్చేది. ఆపరేషన్ అంటే తనకి భయం, నాకు డ్యూటీలో సెలవు దొరకదని భయం. చివరికి ఒక రాత్రి చలితో వణుకు, జ్వరం, తెల్లారేసరికి కళ్లు పసుపు రంగులోకి తిరిగాయి. రాయి జారి పైత్యం వెళ్లే గొట్టానికి అడ్డుపడిందట, ఇన్ఫెక్షన్ పైకి పాకిందట. ముందు ఎండోస్కోపీతో రాయి తీసి, ఆ తరవాతే గాల్ బ్లాడర్ తీశారు. ఐసీయూలో ఉన్నన్నాళ్లూ నాకు ముద్ద దిగలేదు. ఇప్పుడు బాగుంది, అన్నీ తింటోంది.

వణుకుతో జ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. తిన్నగా క్యాజువాలిటీకే తీసుకెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకి మరీ ప్రమాదమని మాకు అక్కడ చెప్పారు.

మద్దిలపాలెం ల్యాబ్ బాబాయ్:

అమ్మా, నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాదు కాబట్టి మందుల జోలికి పోను. క్రిముల సంగతి మాత్రం చెప్పగలను, నా ఉద్యోగమంతా వాటితోనే గడిచింది.

మీరు రెండు వేరే ప్రశ్నలు కలిపేసుకుని భయపడుతున్నారు. జబ్బు క్రిమి వల్ల వచ్చిందా అన్నది ఒకటి. జబ్బు ఎలా వచ్చినా, ఇప్పుడు లోపల టైఫాయిడ్ క్రిమి ఉందా అన్నది ఇంకొకటి.

మొదటిదానికి, ఎక్కువమందిలో రాయే ముందు. పైత్యరసంలో కొలెస్ట్రాల్ మోతాదు మించితే అది గడ్డకట్టి రాయవుతుంది. ఆ రాయి వెళ్లి గాల్ బ్లాడర్ సంచి మెడ దగ్గర ఇరుక్కుంటే రసం కదలదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది, గోడ వాస్తుంది. అప్పటికి క్రిమి లేకపోయినా వాపు వస్తుంది. నిలవ ఉన్న రసంలోకి పేగుల్లోని ఈ. కోలై, క్లెబ్సియెల్లా, ఎంటెరోకాకస్ లాంటివి తరవాత చేరతాయి. ఇలా వచ్చి తగ్గి, వచ్చి తగ్గి, ప్రతిసారీ గోడలో కొంత మచ్చ మిగులుతుంది. మామూలుగా 3 మిల్లీమీటర్లు మించని గోడ మీ అత్తయ్య గారికి 5 అయిందంటే ఆ లెక్కే.

తిరగేసిన దారి కూడా ఒకటుంది. కొన్ని క్రిములు బీటా గ్లూకురోనిడేస్ అనే ఎంజైమ్‌తో పైత్యంలోని బిలిరుబిన్‌ని విడగొడతాయి. అది కాల్షియంతో కలిసి గోధుమరంగు మెత్తటి రాళ్లుగా పేరుకుంటుంది. అక్కడ క్రిమే ముందు, రాయి తరవాత. కానీ ఆ రకం సంచిలో కంటే పైత్య గొట్టాల్లోనే ఎక్కువ. మామూలు కొలెస్ట్రాల్ రాళ్లలో కూడా క్రిముల డీఎన్ఏ దొరికింది. అంతమాత్రాన రాయిని అవే కట్టాయని తేలలేదు. ముందే ఉన్న రాయి మీదికి వచ్చి కూర్చున్నా డీఎన్ఏ దొరుకుతుంది కదా.

ఇక టైఫాయిడ్ క్రిమి. పైత్యం సబ్బులా కొవ్వును కరిగిస్తుంది, చాలా క్రిములు అందులో బతకవు. టైఫాయిడ్ క్రిమి, దాని పేరు సాల్మొనెల్లా టైఫి, తట్టుకుంటుంది. జ్వరం రోజుల్లో రక్తంలోంచి కాలేయానికి, అక్కడి నుంచి పైత్యంతో పాటు సంచిలోకి చేరుతుంది. రాయి దొరికితే దాని మీద, నీళ్ల డ్రమ్ము లోపల పట్టే పాచిలాగా, ఒక జిగురు పొర కట్టుకుని దాంట్లో దాక్కుంటుంది. మెక్సికోలో ఆపరేషన్ చేసి తీసిన రాళ్ల మీద ఈ పొరను చూసి 2010లో ప్రచురించారు. ఆ పొర లోపలికి యాంటీబయాటిక్ సరిగా దిగదు. మీ ఆడపడుచు గారికి ఇదే చెప్పండి. రాళ్లు లేని క్యారియర్‌కి, అంటే జబ్బు తగ్గినా క్రిమిని మోస్తున్న మనిషికి, నాలుగు వారాల కోర్సుతో చాలాసార్లు పోతుంది. రాళ్లుంటే మందు ఆపాక మళ్లీ బయటపడుతుంది. పైగా ఇలాంటివాళ్లకి ఎన్నాళ్లుగానో ఇస్తున్న సిప్రోఫ్లోక్సాసిన్‌కి మన దేశంలో టైఫాయిడ్ క్రిమి చాలావరకు లొంగడం మానేసింది. ఏ మందు పనిచేస్తుందో కల్చర్ చేసి, అంటే క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడాల్సిందే.

టైఫాయిడ్ వచ్చినవాళ్లలో ఇలా ఏడాది దాటినా క్రిమిని మోసేవాళ్లు నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఉంటారు. ఆడవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో, రాళ్లున్నవాళ్లలో ఎక్కువ. మీ అత్తయ్య గారికి ఆ మూడూ ఉన్నాయి, అందుకే సర్జన్ గారు ఆ మాట అని ఉంటారు. అయినా లేకపోవడానికే అవకాశం ఎక్కువ. పరీక్ష చేయించకుండా ఎవరూ చెప్పలేరు.

విడాల్ అనే రక్త పరీక్ష మాత్రం చేయించకండి, దానితో ఇది తేలదు. మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా విడాల్ పాజిటివ్ వస్తుంటుంది. కావాల్సింది మలం కల్చర్, అదీ వేర్వేరు రోజుల్లో తీసిన శాంపిళ్లతో. క్యారియర్లు ప్రతిరోజూ క్రిమిని వదలరు, ఒక్కసారి నెగెటివ్ వస్తే చాలనుకోకూడదు. శాంపిల్ ఇచ్చే ముందు ఏ యాంటీబయాటిక్ వాడినా ల్యాబ్‌లో చెప్పండి.

ల్యాబ్‌లో ఏం చేస్తామో కూడా చెప్తాను, అప్పుడు రిపోర్టు ఆలస్యమైతే కంగారు పడరు. మలంలో ఈ. కోలై కోట్లలో ఉంటుంది, మనకి కావాల్సింది గుప్పెడు కూడా ఉండకపోవచ్చు. అందుకని ముందు సెలినైట్ ద్రవంలో వేసి రాత్రంతా ఉంచుతాం. మిగతావి వెనకబడి సాల్మొనెల్లా పెరుగుతుంది. పొద్దున్నే క్రిములు పెరిగే ప్లేట్ల మీద గీస్తాం. మర్నాడు తీసి చూస్తే మెకాంకీ ప్లేట్ మీద ఈ. కోలై ముదురు గులాబీ రంగు చుక్కలుగా ఉంటుంది, సాల్మొనెల్లా రంగు లేకుండా వెలవెలబోతూ కనిపిస్తుంది. బిస్మత్ సల్ఫైట్ ప్లేట్ మీద అయితే నల్లగా, లైటు కింద వంచితే లోహంలా మెరుస్తుంది. ఆ మెరుపు కనిపిస్తే నేను మిగతా పనులన్నీ పక్కన పెట్టేసేవాణ్ణి. అయినా రంగు చూసి రిపోర్టు ఇవ్వం. జీవరసాయన పరీక్షలు, తరవాత యాంటీసీరమ్‌తో స్లైడ్ మీద గుంపు కడుతుందో లేదో చూసి, ఆ పైన మందుల పరీక్ష. అన్నీ కలిపి నాలుగైదు రోజులు పడుతుంది.

ఇప్పుడు చెప్పేది దయచేసి రాసి పెట్టుకోండి. ఆపరేషన్‌లో తీసిన గాల్ బ్లాడర్‌ని థియేటర్‌లోనే ఫార్మలిన్‌లో, అంటే కండ పాడవకుండా ఉంచే మందు నీళ్లలో, వేసేస్తారు. బయాప్సీకి అదే పద్ధతి, తప్పు లేదు. కానీ ఫార్మలిన్‌లో పడిన క్షణం నుంచి కల్చర్‌కి ఏమీ మిగలదు, క్రిములన్నీ చచ్చిపోతాయి. ఆ సీసాలు మా ల్యాబ్‌కి వస్తే తిప్పి పంపాల్సి వచ్చేది. పేషెంటుకి అప్పటికే కుట్లు పడిపోయి ఉంటాయి, మళ్లీ తెచ్చుకోవడానికి ఏముంటుంది? నా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. కాబట్టి ముందు రోజే సర్జన్ గారిని అడగండి: "సర్, కొంచెం పైత్యం, ఒక రాయి స్టెరైల్ డబ్బాలో, ఫార్మలిన్ లేకుండా కల్చర్‌కి పంపుతారా? టైఫాయిడ్ వచ్చిన మనిషి, వంట చేసే మనిషి." ఈ రెండో వాక్యం తప్పకుండా అనండి. కాదనరు. ల్యాబ్ ఫారం మీద కూడా సాల్మొనెల్లా చూడమని రాయమనండి. ఏం వెతుకుతున్నామో తెలిస్తే మేం వేసే ప్లేట్లే వేరు.

బయాప్సీ రిపోర్టు కూడా తప్పకుండా తీసుకోండి. ఏళ్ల తరబడి టైఫాయిడ్ క్రిమి మోసినవాళ్లలో గాల్ బ్లాడర్ క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని పలు దేశాల పరిశీలనల్లో తేలింది. ఉత్తర భారతంలో గంగా మైదానం, దక్షిణ అమెరికాలో చిలీ ఆ క్యాన్సర్ బాగా ఎక్కువున్న చోట్లు. రాళ్లు, ఎన్నాళ్లుగానో ఉన్న వాపు కూడా అందులో భాగమే, కాబట్టి ఎవరి పాలు ఎంతో విడదీయడం కష్టం. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, ఆ రిపోర్టును ఫైల్లో పడేసి మరిచిపోవద్దని చెప్తున్నాను.

కర్రీ పాయింట్ మాట. ఉడికే సాంబార్లో, పప్పులో టైఫాయిడ్ క్రిమి బతకదు. ప్రమాదమల్లా ఉడికాక చెయ్యి తగిలేవాటితోనే: రోటి పచ్చడి, పైన చల్లే కొత్తిమీర, పెరుగు చట్నీ, తరిగిన ఉల్లిపాయ. అమెరికాలో మేరీ మాలన్ అని ఒక వంటమనిషి ఉండేది. ఆమెకి ఏ జబ్బూ కనిపించేది కాదు, ఆమె వండిన ఇళ్లలో మాత్రం టైఫాయిడ్ వచ్చేది. వేడి వంటల వల్ల కాదు, పచ్చి పీచ్ పళ్ల ముక్కలు కలిపిన ఐస్‌క్రీమ్ వల్ల వ్యాపించి ఉంటుందని విచారణ చేసిన ఇంజినీరు జార్జ్ సోపర్ అనుమానించాడు. 1907లో ఆమెను పట్టుకుని దీవిలో ఉంచారు. వంట చెయ్యనని మాటిస్తే 1910లో వదిలారు. వేరే పని గిట్టుబాటు కాక పేరు మార్చుకుని మళ్లీ వంటలో చేరింది, 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి జబ్బు సోకింది. తిరిగి దీవికి పంపారు, 1938లో చనిపోయేదాకా అక్కడే. ఆమె కథ చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి సరిగా చెప్పినట్టు లేదు, మందూ లేదు. మీ అత్తయ్య గారికి చెప్పడానికి మీరున్నారు, పరీక్ష ఉంది, చికిత్స ఉంది.

కాబట్టి ఫలితాలు వచ్చేదాకా పచ్చడి మీరు నూరండి. ఆవిడ కూరగాయలు తరగనివ్వండి, అవి ఎలాగూ ఉడుకుతాయి. బాత్రూమ్ నుంచి వచ్చాక ఇంట్లో అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గోళ్లు కత్తిరించుకోవాలి, ఒక్క ఆవిడకే రూలు పెట్టకండి.

సీతమ్మధార వాసి:

ఆపరేషన్ ఎందుకండీ? రాత్రిపూట ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి తాగితే పొద్దున్నే రాళ్లు మలంలో పడిపోతాయి. మా పిన్నికి పచ్చటి రాళ్లు బోలెడు పడ్డాయి, నేనే కళ్లారా చూశాను.

మద్దిలపాలెం ల్యాబ్ బాబాయ్:

బాబూ, మీ పిన్ని గారి తరవాతి స్కాన్‌లో రాళ్లు పోయినట్టు ఉంటే చెప్పండి. అలా పడిన పచ్చని ఉండల్ని ల్యాబ్‌లో పరీక్షించి 2005లో లాన్సెట్ పత్రికలో రాశారు. వాటిలో కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. తాగిన నూనే నిమ్మరసంతో కలిసి కడుపులో సబ్బు ఉండలుగా మారి బయటికి వచ్చింది. గోడ వాచి ఉన్న షుగర్ పేషెంటుకి ఒక్కసారిగా అంత నూనె పట్టిస్తే సంచి గట్టిగా ముడుచుకుని రాయి మెడలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. దయచేసి ఎవరికీ చెప్పకండి.

ఎంవీపీ కాలనీ:

బాబాయ్ గారూ, నాదీ ఒక సందేహం. మా వారికి ఎండోస్కోపీలో కడుపులో హెచ్. పైలోరీ అనే క్రిమి ఉందన్నారు, స్కాన్‌లో గాల్ స్టోన్స్ కూడా ఉన్నాయి. పైలోరీకి కోర్సు వాడితే రాళ్ల బాధ కూడా తగ్గుతుందా?

మద్దిలపాలెం ల్యాబ్ బాబాయ్:

అమ్మా, పైలోరీ కోర్సు కడుపులో పుండ్ల కోసం. అది డాక్టర్ చెప్పినట్టు పూర్తిగా వాడించండి. దానితో రాళ్లు కరగవు.

మీ సందేహం మాత్రం ఊహ కాదు. చిలీలో క్రానిక్ కోలిసిస్టైటిస్ ఉన్న 46 మంది పైత్యాన్నీ గాల్ బ్లాడర్ ముక్కల్నీ పరీక్షించి, వాటిలో హెలికోబ్యాక్టర్ జాతి క్రిముల డీఎన్ఏ ఉందని 1998లో ప్రచురించారు. అవి కడుపులో ఉండే పైలోరీ కాదు, పైత్యాన్ని తట్టుకునే దాని దాయాదులు. ప్లేట్ మీద మాత్రం అవి మొలవలేదు. క్రిమి పెరిగి కనిపించకుండా డీఎన్ఏ ఒక్కటే దొరికితే, అది అక్కడ కాపురం ఉంటోందో, పేగు నుంచి వచ్చి పోయిందో చెప్పలేం. కడుపు పుండ్ల విషయంలో బ్యారీ మార్షల్ అనే డాక్టర్ పైలోరీ క్రిమిని పెంచి, 1984లో తానే తాగి కడుపులో వాపు తెప్పించుకుని చూపించాడు. తోటి పరిశోధకుడు రాబిన్ వారెన్‌తో కలిపి ఆయనకి 2005లో నోబెల్ ఇచ్చారు. గాల్ బ్లాడర్ విషయంలో అంత గట్టి రుజువు ఇంకా రాలేదు.

కంచరపాలెం కోడలు:

ఆపరేషన్ అయింది, అత్తయ్య ఇంటికి వచ్చేశారు. బాబాయ్ గారూ, మీరు రాసిన వాక్యాన్ని ఫోన్‌లో చూసుకుంటూ సర్జన్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "మంచి పని చేశావమ్మా" అని నర్సును పిలిచి అప్పుడే రెండు డబ్బాలు పక్కన పెట్టించారు. మా ఆయన వాటిని స్వయంగా ల్యాబ్‌కి పట్టుకెళ్లారు.

పైత్యం కల్చర్‌లో ఈ. కోలై పెరిగింది. సాల్మొనెల్లా లేదు. మలం శాంపిళ్లన్నిటిలోనూ లేదు. బయాప్సీలో క్రానిక్ కోలిసిస్టైటిస్ అని రాసి, క్యాన్సర్ లక్షణాలు లేవన్నారు. రిపోర్టు చదివి మెట్ల మీదే కూర్చుండిపోయాను.

అత్తయ్యతో మాట్లాడటం నేను అనుకున్నంత కష్టం కాలేదు. మేరీ కథ చెప్పాను. మొత్తం విని, "నా చేతి కూడు తిని ఒక్క పిల్లకి జ్వరం వచ్చినా నేను బతకలేనమ్మా, ఎన్ని పరీక్షలైనా చేయించు" అన్నారు. తనే రోలు నా వైపు జరిపారు. నా గోంగూర పచ్చడికి ఉప్పు తక్కువని ఇప్పుడు రోజూ వింటున్నాను.

ఇంకో రెండు అడుగుతాను. ఈ. కోలై వచ్చింది కదా, వాపుకి అదే కారణమా? పిల్లలకి టైఫాయిడ్ టీకా వేయించనా?

మద్దిలపాలెం ల్యాబ్ బాబాయ్:

చాలా సంతోషం తల్లీ. ఈ. కోలై రాళ్లున్న సంచిలో తరచూ కనిపించేదే. ఎక్కువగా రాయి వచ్చాక చేరేదే కానీ, రాయిని తెచ్చింది అదే అనలేం. సంచి తీసేశారు, జ్వరం లేదు కాబట్టి ఇంకా మందు కావాలా వద్దా అన్నది మీ సర్జన్ గారు చెప్తారు. కల్చర్ కాగితంలో ఏ మందు పనిచేస్తుందో రాసి ఉంటుంది, దాన్ని దాచండి. ఎప్పుడైనా వణుకుతో జ్వరం వస్తే డాక్టర్‌కి మొదట అదే చూపించాలి.

ఆవిడని మళ్లీ రోటి దగ్గర కూర్చోబెట్టొచ్చా అన్నది కూడా సర్జన్ గారినే అడగండి. మలం శాంపిళ్లు శుభ్రంగా వచ్చాయి కాబట్టి క్రిమి వైపు నుంచి అడ్డు కనిపించడం లేదు. పొట్ట మీద కుట్లు మానేదాకా మాత్రం బరువైన పొత్రం ఎత్తనివ్వకండి.

పిల్లలకి తప్పకుండా వేయించండి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకాని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అలా గుర్తింపు పొందిన మొదటిది మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిందే. ఆరు నెలలు దాటిన పిల్లలకి ఒక్క డోసు వేస్తారు. పిల్లల డాక్టర్‌ని అడిగేటప్పుడు మీ వయసు కూడా చెప్పండి, వంట చేసే చెయ్యి మీదీ కదా, మీకూ వేస్తారేమో కనుక్కోండి.